అద్దం లోపలి చెయ్యి

ముందుగా నా రాతనీ, నా తప్పులనీ మన్నించాలి. నేను ఏడో తరగతి దాకానే చదువుకున్నాను. ఒత్తు ఎక్కడ పెట్టాలో ఎక్కడ పెట్టకూడదో ఇప్పటికీ తడబడతాను. రాసినదాన్ని మా ఆయన సరిచేశారు, అయినా ఎక్కడో ఒకచోట మిగిలే ఉంటాయి. అక్షరాలు కూడా బస్సులో సీటు దొరకని వాళ్లలాగ ఒకదాని మీద ఒకటి ఒరిగిపోతాయి. ప్రింటు కొట్టిద్దామని నేనన్నాను. "వద్దు, నీ చేత్తో రాసిందే జిరాక్సు తీయిద్దాం" అన్నారు ఆయన. నెలమాసికానికి వచ్చేవాళ్లకీ, రోడ్డు వైపున్న మా షాపు అద్దం ముందు ఎప్పుడైనా ఆగినవాళ్లకీ ఇవ్వడానికి ఇది రాస్తున్నాను.

మా పెద్దత్త పోయింది. మీలో చాలామందికి ఈపాటికి తెలిసే ఉంటుంది. తెలియనివాళ్లకి చెబుతున్నాను. నరసన్నపేట మెయిన్ రోడ్డు మీద, బస్సులు ఆగే చోటుకి కొంచెం ఇవతల, మాది గాజులూ పౌడర్లూ బొట్టుబిళ్ళలూ అమ్మే ఫ్యాన్సీ షాపు. ఆ షాపు పెద్దావిడ మా పెద్దత్త. మా మావయ్యకి అన్నగారి భార్య. పిల్లలు లేరు. భర్త పోయాక షాపు ఆవిడే నడిపింది, మా ఆయన పెద్దయ్యాక ఇద్దరూ నడిపారు. వినాయక నిమజ్జనాలు అయిపోయి, దసరా సరుకు దింపుకునే రోజులవి. మధ్యాహ్నం అన్నం తిని స్టూలు మీద కూర్చుని, "గుండెల్లో ఏటో పట్టేసినట్టున్నాదే" అంది. శ్రీకాకుళం ఆస్పత్రికి తీసుకెళ్లారు. తెల్లవారాక మా ఆయన ఫోను చేశారు. ఆయన ఊపిరి మాత్రం వినబడింది. నాకు తెలిసిపోయింది.

అప్పటికి మా షాపు అద్దం మీద తీగ సగమే వచ్చింది.

ఆ తీగ సంగతి చెప్పకుండా ఆవిడ సంగతి చెప్పలేను. మా షాపులో ఎక్కువగా అమ్ముడుపోయేది ఒక కంపెనీ పౌడరు. ఆ డబ్బా చుట్టూ మామిడి పిందెల తీగ ఉంటుంది. పాతకాలం చీరల అంచుల మీద ఉండే తీగే అది. పిందె తోక వంకీ తిరిగి, ఆ వంకీలోంచి ఇంకో పిందె పుడుతుంది. ఏటేటా దసరాకి ముందు కంపెనీవాళ్లు షాపుల అద్దాలని ఆ తీగలాగే అలంకరించమంటారు. కాగితం తోరణాలు, అట్టతో చేసిన పిందెలు పంపిస్తారు. మిగతా షాపులవాళ్లు అవే వేలాడదీస్తారు. ఎండకి పండగలోపలే అవి వెలిసిపోతాయి. మా పెద్దత్త ఆ అట్టల్ని తీసుకెళ్లి గాజుల పెట్టెల కింద పరిచేసేది. తీగ తనే వేసేది.

ఆవిడ పుట్టిల్లు ఇచ్ఛాపురం దాటాక ఒక పల్లె. ఒడియా మాటలు గుమ్మంలోంచి వంటింటిదాకా వచ్చేసే ఊరు. అక్కడ మార్గశిర లక్ష్మివారాలకి ఆడవాళ్లు బియ్యప్పిండి నీళ్లలో కలిపి మట్టిగోడల మీద బొమ్మలు వేస్తారు. దాన్ని జోటి అంటారట. బ్రష్షు ఉండదు, పుల్ల ఉండదు. గుడ్డపీలిక పిండిలో ముంచి పిడికిట్లో పట్టుకుంటే, పిండి ఉంగరపు వేలి మీదుగా జారుతుంది. ఆ వేలితోనే వెయ్యాలి. అద్దం మీద బియ్యప్పిండి నిలవదని ఆవిడ సుద్దపొడిలో చింతపిక్కల జిగురు కలిపేది. ముందు అద్దం నిండా వేలితో చుక్కలు పెట్టుకునేది. తరవాత ఆ చుక్కలు కలుపుతూ తీగని నడిపించేది. తీగ ఎప్పుడూ గుమ్మం వైపే పాకాలి. "లచ్చిందేవి అడుగులు ఇంట్లోకి వేస్తాం గాని ఈదిలోకి వేస్తామేటి?" అనేది.

వేసేది అద్దానికి లోపలి పక్కన. బయట వేస్తే వానకి పోతుంది. ఒక ఏడాది వేసి చూసిందట, జిగురు రుచికి ఆవు వచ్చి రెండు పిందెలు నాకేసిందట. అందుకని లోపలి నుంచే. కానీ లోపలి నుంచి వేసేవాళ్లకి రోడ్డు మీది ఎండ కళ్లల్లో పడుతుంది. తీగ ఎక్కడ ఒంగిందో, ఎక్కడ పలచబడిందో తెలియదు. నేను కాపురానికి రాకముందు ఆవిడే ఒక పిందె వేసి, చెయ్యి కడుక్కుని, రోడ్డు మీదకి వచ్చి చూసి, మళ్లీ లోపలికెళ్లి ఇంకో పిందె వేసేదట.

మా పుట్టిల్లు శ్రీకూర్మం పక్కన పల్లె. నాకు చిన్నప్పటి నుంచీ బెదురు. "దీని మాట దీని చెవికే వినబడదు" అని మా అమ్మ అనేది. పెళ్లయి వచ్చాక కొన్నాళ్లు నేను షాపులో మగవాళ్లు ఎవరైనా వస్తే గాజుల స్టాండు వెనక నిలబడిపోయేదాన్ని. అలాంటిదాన్ని మొదటి దసరాకి పెద్దత్త పిలిచింది.

"ఒలే కోడలా, రోడ్డు మీదకెల్లి నిలబడు."

"నానా?"

"మరెవులు? నాకున్నది ఒక్క కోడలే గదా. తీగ ఎలగొస్తన్నాదో సూసి సెప్పు."

వెళ్లి కరెంటు స్తంభం పక్కన నిలబడ్డాను. కొంగు పళ్ల మధ్య పెట్టుకున్నాను. ఆటోలు, బస్సులు, సంతకి వెళ్లేవాళ్లు, అందరూ నన్నే చూస్తున్నారనిపించింది. ఎదురుగా పకోడీల బండి. ఆ బండి ఆవిడని ఊళ్లో అందరూ పకోడీల అప్ప అంటారు. ఆవిడకీ భర్త లేడు, పెద్దత్త ఈడుదే. పిండి కలుపుతూ గట్టిగా అరిచింది.

"ఓలమ్మో! సూడండర్రా! ఒక స్తంభం సాలదని పక్కన ఇంకో స్తంభం పాతేసిందేటి వీల్ల పెద్దత్త!"

బస్సు కోసం నిలబడ్డవాళ్లందరూ నవ్వారు. లోపలి నుంచి పెద్దత్త కనుబొమలు ఎగరేసి "ఎలగున్నాది?" అని అడిగింది. కుడి పక్కకి జరపాలని చెప్పాను. అద్దం, రోడ్డు, నా గొంతు. ఏం వినబడుతుంది? రెండుసార్లు అడిగి, తలుపు తీసుకుని బయటికి వచ్చింది.

"నోట్లో నువ్వుగింజ నానబెట్టుకున్నావేటే? గట్టిగా సెప్పలేవా?"

నా కళ్లల్లో నీళ్లు తిరిగాయి. ఆవిడ చూసింది. గొంతు తగ్గించింది.

"సరేలే. అరవొద్దు. నువ్వు సెవిదుద్దు ముట్టుకో. ఏ పక్క ముట్టుకుంటే ఆ పక్కకి జరుపుతాను. జడలో పువ్వు ముట్టుకుంటే పైకి. కొంగు కిందకి లాక్కుంటే కిందకి. బాగుందనుకో, బొట్టు సర్దుకో. ఆడది నిలబడి దుద్దు సర్దుకుంటే, బొట్టు సర్దుకుంటే ఎవులేటంటారు?"

అలా మొదలైంది. ఆ రోజు నుంచీ మా ఇద్దరికీ ఒక భాష. అద్దానికి అటు ఆవిడ, ఇటు నేను. నేను దుద్దు తిప్పితే ఆవిడ వేలు ఆ పక్కకి నడిచేది. నేను కొంగు లాగితే తోక కిందకి వంగేది. మొట్టమొదటిసారి నా మాట ఎవరో విన్నట్టు అనిపించింది, మాటే లేకుండా.

అందులో తప్పులూ జరిగాయి. రెండో ఏడాది అనుకుంటాను, కాలేజీ కుర్రాళ్లు ఒక గుంపు వచ్చి నా పక్కన నిలబడి నవ్వుకుంటున్నారు. నాకు కంగారు పుట్టి చెవిదుద్దు పట్టుకుని అలాగే తిప్పుతూ ఉండిపోయాను. తేరుకుని చూసేసరికి మా తీగ గుమ్మం దారి వదిలేసి, అద్దం మూలకి వెళ్లిపోయి అక్కడ ముడుచుకుంది. పెద్దత్త బయటికి వచ్చి చూసింది. నన్ను చూసింది. కుర్రాళ్లని చూసింది.

"ఓరి మీ దుంప తెగ! నా తీగని దారి తప్పించీసినారు గదరా!" అంది. వాళ్లకి ఏమీ అర్థం కాక బస్సెక్కి పోయారు. పకోడీల అప్ప రోడ్డుకి అటుపక్క కడుపు పట్టుకుని నవ్వుతోంది.

తుడిచేద్దామన్నాను. ఒప్పుకోలేదు. "తీగన్నాక వంకర పోదేటి? ఎనక్కి తెచ్చుకుందాం" అంది. ఆ మూల నుంచి దాన్ని మెల్లిగా చుట్టూ తిప్పి గుమ్మానికి తెచ్చింది. ఆ ఏడాది తీగ ఎక్కువమందికి నచ్చింది. ఎందుకు నచ్చిందో మా ముగ్గురికే తెలుసు.

ఆవిడ అలవాట్లు చిన్నచిన్నవి. షాపు తెరవగానే పౌడరు డబ్బాలన్నీ బొమ్మ రోడ్డు వైపుకి తిప్పేది. గాజులు చూసి కొనకుండా వెళ్లిపోయేవాళ్లని కూడా "మల్లీ రండమ్మా" అనేది. చిన్న ఆడపిల్లలు వస్తే ఒక బొట్టుబిళ్ళ ఊరికే ఇచ్చి, "మీ యమ్మ సేత పెట్టించుకో" అని పంపేది. తను పెట్టేది కాదు.

ఎందుకు పెట్టేది కాదో నాకు తరవాత అర్థమైంది. పెళ్లిగాజులకి ఎవరైనా వస్తే, వాళ్లు మెట్టెక్కుతుండగానే ఆవిడ లేచి వెనకగదిలోకి వెళ్లిపోయేది. "కోడలా, నువ్ సూడు" అని నన్ను ముందుకి తోసేది. ఎవరూ అనకముందే. ఒకసారి మాత్రం లేవడం ఆలస్యమైంది. పెళ్లికూతురి చేతికి గాజు కొలత చూస్తోంది. వాళ్ల పెద్దావిడ ఎవరో ఆ పిల్ల చెయ్యి మెల్లిగా వెనక్కి తీసుకుని, "ఏటీ అనుకోకమ్మా, ఆ కోడలు సేత తొడిగించు" అంది. కోపంగా కూడా కాదు, మంచిగానే అంది.

"అనుకోడానికేటున్నాది తల్లీ" అని పెద్దత్త గాజులన్నీ నా చేతిలో పెట్టింది. తను వెళ్లి చింతపిక్కల జిగురు కాచుకుంటూ కూర్చుంది.

వాళ్లు వెళ్లాక నేను ఆవిడ దగ్గర నిలబడ్డాను. ఆవిడే అంది.

"నా మొకం ఎదురైతే సుట్టు తిరిగెల్లిపోతారు. నా తీగ ఎదురైతే ఆగుతారు. ఆగిన తరవాత లోపలికొస్తారు. సాలదేటే?"

చాలదని నాకనిపించింది. ఆ మాట అనడానికి నాకు ధైర్యం లేదు.

తీగ అంతా అయ్యాక ప్రతి పిందె నడుమా ఒక ఎర్ర బొట్టుబిళ్ళ అంటించేవాళ్లం. బిళ్ళ లోపలి నుంచి అంటిస్తే బయటికి జిగురు వైపు కనబడుతుంది. అందుకని బిళ్ళలు మాత్రం బయటి నుంచి. అది నా పని. ఆవిడ లోపల పిందె నడుమ వేలు ఆనించేది. నేను బయట సరిగ్గా ఆ వేలి మీద బిళ్ళ పెట్టి నొక్కేదాన్ని. అద్దం చల్లగా ఉండేది. ఆవిడ వేలున్న చోట మాత్రం వెచ్చగా తగిలేది. నిజంగానో, నాకలా అనిపించేదో తెలియదు.

పోయిన ఏడాది దసరాకి అలాగే అంటిస్తున్నాం. ఒక పిందె నా ముఖం ఎత్తున ఉంది. బిళ్ళ నొక్కి చెయ్యి తీశాను. ఆవిడా వేలు తీసి, ఎలా ఉందో అడగడానికి అద్దం దగ్గరికి వంగింది. నేను నిలబడ్డ చోటుకి ఆ ఎర్రబిళ్ళ సరిగ్గా ఆవిడ నుదుటి మీదకి వచ్చింది. తెల్లజుట్టు, చెంప మీద సుద్ద మరక, నడుమ అంత బొట్టు. నేను కాపురానికి వచ్చాక ఆ నుదుటి మీద ఏదీ చూడలేదు. ఆవిడ కనుబొమలు ఎగరేసి అడిగింది, "ఎలగున్నాది?" అని.

నేను నా బొట్టు ముట్టుకున్నాను.

ఆవిడ తీగ గురించి అనుకుంది. తలూపి, నవ్వి, పక్క పిందెకి జరిగింది. బిళ్ళ అద్దం మీద ఉండిపోయింది. నేను ఆవిడకి చెప్పలేదు. చెబితే మళ్లీ ఎప్పుడూ అలా వంగి ఉండేది కాదు.

కంపెనీ తరఫున ఒకాయన ఏటా వచ్చి అద్దం ఫొటో తీసుకునేవారు. మంచి మనిషి. "అమ్మా, మీరు కూడా నిలబడండి" అనేవారు. "అద్దాన్ని తీసుకో బావూ. నానెందుకు?" అని పక్కకి తప్పుకునేది. నేను ఫోనుతో తియ్యబోతే నన్నూ తియ్యనిచ్చేది కాదు. "దాసుకోడం ఎందుకే? వచ్చే ఏడు ఇంకోటి వేస్తాను గదా" అనేది. కార్తీకం వెళ్లగానే తడిగుడ్డ తెచ్చి తనే తుడిచేసేది. నాకు ప్రాణం ఉసూరుమనేది. ఆవిడకి ఏమీ అనిపించేది కాదు. "పాత తీగ మీద కొత్తది ఎక్కదే" అని గుడ్డ పిండుకునేది.

అందుకే ఆవిడకి ఫొటో లేదు. పూలదండ వెయ్యడానికి ఆధార్ కార్డు మీది ఫొటో పెద్దది చేయించారు. అందులో ఆవిడ ఎవరో పిలిస్తే ఉలిక్కిపడినట్టు చూస్తుంది. అది మా పెద్దత్త చూపు కాదు.

మైల రోజుల్లో కంపెనీ ఆయన ఇంటికి వచ్చారు. మంచినీళ్లు తాగి, మా ఆయనతో మెల్లిగా చెప్పారు. కంపెనీ ఇప్పుడు పెద్ద స్టిక్కరు పంపుతోందట. అద్దం మొత్తానికి ఒకటే. అదే తీగ, అవే పిందెలు, రంగుల్లో. ఊళ్లో షాపులన్నిటికీ వేస్తున్నారట. "దీపావళి లోపల మీకూ వేసేస్తాం. ఇంక మీకు ఈ శ్రమ ఉండదు" అన్నారు. ఆయన మా మంచికే అన్నారు. మా ఆయన సరేనని తలూపారు. వెయ్యడానికి ఇంక ఎవరున్నారని?

మా అత్త, అంటే మా ఆయన తల్లి, లోపలి నుంచే అంది. "ముందు ఆ సగం తీగ తుడిపించీరా. ఏడాది తిరిగేదాకా మనకి పండగ నేదు. గుమ్మంలో ముగ్గే నేదు, అద్దం మీద తీగేటి? అలగ సగం ఒగ్గేసి ఉండడం మంచిది కాదు."

వాళ్లిద్దరి మాటా సబబే. కానీ ఆ అద్దం పోతే ఆవిడ ఇంకెక్కడా లేదు. పిల్లలు లేరు, ఫొటో లేదు, సొంతంగా ఇన్ని నగలు కూడా లేవు. ఆవిడ చెయ్యి తగిలి ఇంకా నిలిచి ఉన్నది ఆ సగం తీగ ఒక్కటే. దాన్ని తడిగుడ్డతో తుడిచే పని ఎవరికి చెబుతారో నాకు తెలుసు. నాకే చెబుతారు.

మధ్యాహ్నం మా ఆయనకి అన్నం వడ్డిస్తూ అడిగాను. నాకై నేను ఆయన్ని ఏదైనా అడగడం అదే మొదటిసారి కావచ్చు.

"ఏటండీ, స్టిక్కరు వెయ్యండి. నానొద్దనను. కానీ సగం తీగ మీద వెయ్యకండి. దాన్ని నన్ను పూర్తి సెయ్యనివ్వండి. తరవాత మీ ఇష్టం."

ఆయన ముద్ద ఆపి చూశారు. "నీకు వస్తాదేటి?"

"రాదు. సుక్కలున్నాయి గదా."

నిజంగానే ఉన్నాయి. పోయే ముందు రోజు ఆవిడ అద్దం నిండా చుక్కలు పెట్టేసింది. తీగ సగానికి ఆగిపోయినా చుక్కలు గుమ్మం దాకా ఉన్నాయి. ఆయన మళ్లీ ముద్ద కలుపుకుంటూ, "అమ్మని అడుగు" అన్నారు.

అత్తని అడగడం ఇంకా కష్టం. ఆవిడ పెరట్లో వంకాయలు కోస్తోంది. నేను వెళ్లి నిలబడ్డాను.

"ఏటి?" అంది తల ఎత్తకుండా.

"పెద్దమావ కాలం సేసిన ఏడు కూడా పెద్దత్త తీగ వేసిందట గదత్తా. తనే సెప్పింది. అప్పుడూ వద్దన్నారట. పండగ నాకు నేదు గాని ఊరికి ఉన్నాది గదా అన్నాదట."

అత్త చెయ్యి ఆగింది. వంకాయ బుట్టలో పడేసి, నా వైపు చూసి, మళ్లీ చెట్టు వైపు తిరిగింది.

"అవును, అన్నాది. నానే వద్దన్నాను అప్పుడు" అంది. కాసేపటికి, "ఆ తీగ పిచ్చి అంటించీసిందన్నమాట నీకు కూడా" అంది. కోసిన వంకాయలు నా కొంగులో పోసి లోపలికి వెళ్లిపోయింది. వెళుతూ కళ్లు తుడుచుకుంది. వాళ్లిద్దరూ రోజూ ఏదో ఒకదానికి పోట్లాడుకునేవారు. మా ఇంట్లో ఇప్పుడు పోట్లాట లేదు. ఆ నిశ్శబ్దం అత్తకే ఎక్కువ బరువు.

మైల తీరాక షాపు తెరిచాం. సుద్దపొడిలో జిగురు కలిపాను. చిక్కదనం కుదరక రెండుసార్లు పారబోశాను. గుడ్డపీలిక పిడికిట్లో పట్టుకుని అద్దం ముందు నిలబడ్డాను. ఎప్పుడూ అటు నుంచి చూసిన అద్దాన్ని మొదటిసారి ఇటు నుంచి చూశాను. ఆవిడ చెప్పినట్టే ఎండ కళ్లల్లో పొడిచింది. తీగ కనబడలేదు, నా చెయ్యే కనబడింది. ఇన్నేళ్లు ఆవిడకి కనబడింది ఇదా అనుకున్నాను. రోడ్డు, ఎండ, స్తంభం పక్కన చెవిదుద్దు పట్టుకున్న నేను. అంతేనా!

మా ఆయన వెళ్లి స్తంభం పక్కన నిలబడ్డారు. నేను ఒక పిందె వేసి చూశాను. ఆయన రెండు చేతులూ ఊపుతూ, లారీని రివర్సు పెట్టించినట్టు, "ఇటు, ఇటు, ఇంకా" అంటున్నారు. ఎటో నాకు అర్థం కాలేదు. తోక బారుగా జారిపోయింది. తుడిచి మళ్లీ వేశాను, మళ్లీ జారింది. నాకు ఏడుపొచ్చింది. నుదురు అద్దానికి ఆనించి అలాగే నిలబడిపోయాను.

అప్పుడు రోడ్డుకి అటుపక్క నుంచి పకోడీల అప్ప గొంతు వినబడింది. సాయంత్రం బేరానికి పిండి కలుపుకుంటోంది.

"ఒరే నాయినా, నువ్వు తప్పుకో! ఆ కోడలు గుంటకి నీ సేతులు అర్థం గావు."

ఆవిడ సెనగపిండి చేతులతోనే రోడ్డు దాటి వచ్చింది. మా ఆయన్ని పక్కకి జరిపింది. స్తంభం పక్కన, సరిగ్గా నేను నిలబడే చోట నిలబడింది. నా వైపు చూసింది. ఎడమచేత్తో తన బోసి చెవిని ముట్టుకుంది.

నేను ఆ పక్కకి జరిపాను.

తల మీద చెయ్యి వేసుకుంది. పైకి. కొంగు లాక్కుంది. కిందకి. ఇన్నేళ్లూ పిండి కలుపుతూ, మమ్మల్ని ఆటపట్టిస్తూ, ఆవిడ అంతా చూస్తూనే ఉంది. ఎవరూ నేర్పకుండానే నేర్చేసుకుంది. ఆవిడ ముఖంలో నవ్వు లేదు. బస్సు వచ్చి అడ్డంగా ఆగితే అది కదిలేదాకా ఆగింది. బండి దగ్గరికి ఎవరో వచ్చి పకోడీలు ఉన్నాయా అని అరిస్తే, తల తిప్పకుండా "నేవు, ఎల్లండి" అంది.

చుక్క తరవాత చుక్క, తీగ గుమ్మం దాకా వచ్చింది. పెద్దత్త వేసిన సగం నిండుగా ఉంది. నేను వేసిన సగం సన్నగా, కొంచెం వణుకుతూ ఉంది. ఎక్కడ ఆవిడ ఆగిందో, ఎక్కడ నేను మొదలెట్టానో ఎవరికైనా తెలుస్తుంది. చివర గుమ్మం పక్కన ఒక్క చుక్క మిగిలింది. అప్ప ఆ పక్క చెవి ముట్టుకుంది, దాన్నీ కలుపు అని. నేను తల అడ్డంగా ఊపాను. ఆవిడ ఆ చుక్కని చూసింది, నన్ను చూసింది. అర్థమైంది కాబోలు. మెల్లిగా చెయ్యెత్తి నుదురు ముట్టుకుంది.

చెయ్యి దించాక చూశాను. ఆవిడ బోసి నుదుటి మీద సెనగపిండి అంటుకుని పసుపుపచ్చగా ఒక చుక్క ఉంది. ఆవిడకి తెలియదు. అలాగే రోడ్డు దాటి వెళ్లి పొయ్యి వెలిగించుకుంది. ఈసారి కూడా నేను చెప్పలేదు.

బిళ్ళలు ఆ సాయంత్రమే బయటి నుంచి అంటించాను. లోపల వేలు ఆనించడానికి మా అత్త వచ్చి నిలబడింది.

దీపావళికి స్టిక్కరు వేస్తారు. వెయ్యనివ్వండి. దానికి ముందు రోజు తడిగుడ్డతో నేనే తుడుస్తాను. ఇంకెవరినీ ముట్టనివ్వను. ఫొటో తియ్యలేదు. మా ఆయన తీస్తానంటే నేనే వద్దన్నాను.

అందుకే మిమ్మల్ని కూడా అడుగుతున్నాను. చదివాక ఈ కాగితం దాచకండి. పొయ్యిలో పెట్టి కాల్చెయ్యండి. ఆవిడ ఏదీ దాచుకోనివ్వలేదు, నేను ఆవిడని కాగితంలో దాచానంటే ఒప్పుకోదు. నా వంకర అక్షరాలు నలుగురి చేతుల్లో తిరగడం నాకూ సిగ్గే. కాకపోతే కాల్చే ముందు, దీపావళి లోపల, ఒక్కసారి మా షాపు వైపు రండి. సాయంత్రం షాపులో లైటు వేశాక రండి. తీగ చివర, గుమ్మం పక్కన, ఏ గీతా కలవని తెల్లచుక్క ఒకటి ఉంటుంది. దగ్గరికి వంగి చూస్తే అందులో ఆవిడ వేలి గీతలు కనబడతాయి. చూసి వెళ్లి, కాల్చెయ్యండి.